బహుళస్థాయి సర్వే పత్రాలలో దోష సందేశాలు: గడి పేర్ల స్పష్టత

వ్యవసాయ సర్వేలో సేకరించే సమాచారం పలు స్థాయిలలో ఉంటుంది. ఒక రైతు కింద కొన్ని పొలాలు, ఒక్కొక్క పొలం కింద కొన్ని పంటలు, ఒక్కొక్క పంట కింద విస్తీర్ణం, దిగుబడి నమోదవుతాయి. కాగితపు షెడ్యూలుకు బదులు ట్యాబ్‌లో వివరాలు నింపేటప్పుడు తప్పు విలువను సాఫ్ట్‌వేర్ వెంటనే నిరాకరిస్తుంది. అయితే ఆ తప్పు ఏ గడిలో ఉన్నదో సిబ్బందికి అర్థమైనప్పుడే ఈ తనిఖీ సార్థకమవుతుంది.

సమస్య స్వరూపం

ఒక రైతుకు రెండు పొలాలున్నాయనుకుందాం. 1.5 ఎకరాల రెండవ పొలంలో పత్తి విస్తీర్ణం పొరపాటున 15 ఎకరాలుగా నమోదైనది. లారవెల్ వంటి వెబ్ చట్రంలో ప్రత్యేకంగా పేరు ఇవ్వనిచో, సందేశంలో గడి పేరు ‘ప్లాట్స్.1.క్రాప్స్.0.ఏరియా’ అనే అంతర్గత రూపంలోనే కనిపిస్తుంది. ఈ లెక్కింపు సున్నాతో మొదలవుతుంది కనుక ‘1’ అనగా రెండవ పొలం. సిబ్బంది దానిని మొదటి పొలంగా భావించి, సరిగా ఉన్న విలువను మార్చే ప్రమాదం ఉంది. లేదా పత్రం ముందుకు సాగేవరకు ఏదో ఒక అంకె వేయవచ్చు. అప్పుడు పత్రం ఆమోదం పొందుతుంది, తప్పు మాత్రం నియమబద్ధమైన విలువ రూపంలో మిగిలిపోతుంది. విశ్లేషణ దశలో దానిని గుర్తించడం దాదాపు అసాధ్యం.

పరిష్కార మార్గం

లారవెల్‌లో వరుస సంఖ్య ఉండే చోట నక్షత్ర గుర్తు ఉంచి, ‘ప్లాట్స్.*.క్రాప్స్.*.ఏరియా’ అనే మార్గానికి ‘పంట విస్తీర్ణం’ అని ఒకసారి పేరు నిర్ణయిస్తే, అది అన్ని పొలాలకు, అన్ని పంటలకు వర్తిస్తుంది. వరుస సంఖ్యను సందేశంలో చూపుటకు ప్రత్యేక గుర్తులున్నాయి. ‘ఇండెక్స్’ సున్నా నుండి, ‘పొజిషన్’ ఒకటి నుండి లెక్కిస్తాయి. క్షేత్ర సిబ్బందికి రెండవదే అనువైనది. దీనితో సందేశాన్ని ఇలా రూపొందించవచ్చు: “2వ పొలం, 1వ పంట: పంట విస్తీర్ణం 1.5 ఎకరాలకు మించరాదు.” సర్వే నంబరు, పంట పేరు కూడా చేర్చగలిగితే మరింత మేలు.

తెలుగు సందేశాలలో జాగ్రత్త

ఇంగ్లీషు వాక్యంలో గడి పేరును యథాతథంగా ఇమడ్చవచ్చు. తెలుగులో విభక్తి చేరినప్పుడు పదరూపం మారుతుంది. ‘దిగుబడి’ అన్నది ‘దిగుబడిని’ అవుతుంది, ‘విస్తీర్ణం’ అన్నది ‘విస్తీర్ణాన్ని’ అవుతుంది. మూస వాక్యంలో పేరు వెంట ‘ను’ చేర్చితే ‘విస్తీర్ణంను’ వంటి అసహజ రూపాలు వస్తాయి. కనుక “పంట విస్తీర్ణం: నమోదు కాలేదు” అన్న రీతిలో పేరును ప్రథమా విభక్తిలోనే ఉంచి, దాని తరువాత విషయం చెప్పడం ఉత్తమం.

నియమం సరైనదేనా?

సందేశం ఎంత స్పష్టంగా ఉన్నా, దాని వెనుక ఉన్న నియమం వ్యవసాయ వాస్తవానికి అనుగుణంగా ఉండాలి. పత్తిలో కంది అంతరపంటగా ఉన్నప్పుడు, రెండింటికీ పూర్తి విస్తీర్ణం నమోదు చేస్తే మొత్తం పొలం విస్తీర్ణాన్ని మించుతుంది. ఖరీఫ్, రబీ పంటలను కలిపి కూడినా అంతే. ఇట్టి సందర్భాలను నియమంలో వేరుగా గుర్తించనిచో, సిబ్బంది నిజమైన విలువనే తగ్గించవలసి వస్తుంది.

సర్వేకు ముందు కొన్ని తప్పులను కావాలని నమోదు చేసి, పత్రంతో పరిచయం లేని వ్యక్తి సందేశం ఆధారంగానే సరైన గడికి చేరగలుగుతున్నాడో లేదో పరీక్షించాలి. చేరలేకపోతే సవరించవలసినది సందేశమే.