పేరు నిలుచుట, పేరు నిలుపుట

1827వ సంవత్సరము జూలై 6వ తేదీన పత్తికొండలో ఒక దొర కలరా సోకి మరణించెను. ఆయన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. స్వదేశమునకు మరలిపోవుటకు ముందు, 1800 నుండి 1807 వరకు తాను కలెక్టరుగా నేలిన దత్తమండలమును కడసారి చూడవచ్చి, ఈ నేలమీదనే కన్ను మూసెను. ప్రభుత్వము పత్తికొండలో ఆయన పేర తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించినది. మద్రాసులో చందాల సొమ్ముతో చేయించిన ఆయన అశ్వారూఢ విగ్రహము 1839లో వెలసినది.

విగ్రహము పెద్దల పని; కథలు ప్రజల పని. కడప సీమలో పాపఘ్ని ఒడ్డున గండి కనుమకు అడ్డముగా కట్టిన బంగారు తోరణము మన్రోకు కనబడినదనియు, అది మరణము సమీపించిన పుణ్యాత్ములకే కనబడుననియు చెప్పుకొనిరి. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆయనతో మాటలాడెనని మరియొక కథ. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారును కలరు.

ఇది ప్రజాభిమానమా, పాలకుల ప్రచారమా? రెండును కొంత కొంత కలసియున్నవి. ఆయన పాలెగాండ్రను అణచెను. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందము చేసికొను రైతువారీ పద్ధతిని నిలిపెను. శిస్తు భారము తగ్గింపవలెనని 1807లో సిఫారసు చేసెను. ఆ శిస్తు చేరినది మాత్రము కుంపిణీ ఖజానాకే. అయినను తోరణము కథను నమ్మి తీరవలెనని ఎవ్వరును శాసింపలేదు. నమ్మనివానికి శిక్షయు లేదు.

శాసించి నమ్మించిన దేశమొకటి కలదు. జర్మనీలో 1933 జనవరి 30న హిట్లరు ప్రధానియయ్యెను. మార్చి 13న ప్రచారమునకే ప్రత్యేకముగా ఒక మంత్రిత్వశాఖ ఏర్పడెను. గోబెల్సు దానికి మంత్రి. మే 10న విద్యార్థులే వీధులలో గ్రంథములను తగులబెట్టిరి. అక్టోబరులో వచ్చిన శాసనము పత్రికా సంపాదకులను ప్రభుత్వమునకు బద్ధులను గావించి, యూదులను ఆ వృత్తినుండి వెడలగొట్టెను. సామాన్యులు కొనగల చవుక రేడియో ఆ యేటనే అంగళ్లకు వచ్చెను. నాయకుని కంఠము ఇంటింట మ్రోగెను. 1939లో యుద్ధము మొదలైన నాడే పరదేశపు రేడియో వినుట నేరమయ్యెను.

ప్రచారము ఎక్కువగా ఆశ్రయించినది బడినే. ఉపాధ్యాయుడు నాయకునికి జేజేలు పలికి పాఠము మొదలుపెట్టవలెను. పసిపిల్లలను ముద్దాడుచున్న హిట్లరు ఛాయాచిత్రములు ఊరూర అమ్ముడుపోయెను. పిచ్చివారి పోషణకు దేశమునకు ఎంత ఖర్చగునో లెక్కగట్టుడని గణితపుస్తకము అడిగెను. 1938లో వెలువడిన ఒక పిల్లల బొమ్మల పుస్తకములో, తల్లి కుమారునికి విషపు పుట్టగొడుగులను గుర్తించుట నేర్పుచు, మనుష్యులలో యూదులట్టివారని బోధించును. అట్టి బోధకు ఫలము అరువది లక్షల యూదుల హత్య.

పొగడ్త అంతయు ప్రచారము కాదు. ఎదురుమాట నోరు నొక్కిన పిమ్మట మిగిలిన పొగడ్త మాత్రము కేవల ప్రచారమే. ఈ సంగతి మన్రోకును తెలియును. స్వేచ్ఛగల పత్రికయు పరదేశీయుల పాలనయు ఒకచోట ఇముడవని ఆయన 1822లోనే వ్రాసి, పత్రికలను అదుపులో ఉంచుమనెను. రైతును ప్రేమించెనన్న దొరయే, రైతు బిడ్డ పత్రిక చదివి ప్రశ్నించుటకు వెఱచెను. ఆ భయము ఆయనతో పోలేదు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకై చెరసాల పాలయ్యెను.

కావున మన్రో కథను పిల్లలకు చెప్పవలసినదే. దానితోపాటు పాలెగాని మాటయు, శిస్తు లెక్కయు, పత్రికలను గూర్చి ఆయన వ్రాసిన మాటయు చెప్పవలెను. “అయ్యా, ఆ తోరణము మఱెవ్వరికైనను కనబడినదా?” అని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు కోపింపరాదు. జర్మనీ బడులలో 1933 తరువాత అడుగ వీలులేకపోయినది అట్టి ప్రశ్నయే.