శిలీంధ్ర కార్నియా పుండు నిర్ధారణలో ప్రతిబింబన పద్ధతులు: తులనాత్మక పరిశీలన

హవేలిఘనపూర్ వంటి వరి ప్రాంతాలలో వడ్లపొట్టు, గడ్డిపరక తగిలి కార్నియాపై పుండు పడటం కద్దు. శిలీంధ్రం కారణమైనపుడు స్టెరాయిడ్ చుక్కలు చూపుకే ముప్పు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2002లో ప్రచురించిన 1352 శిలీంధ్ర కేసుల సమీక్షలో సగానికి పైగా గాయం తరువాత వచ్చినవే.

స్లిట్‌ల్యాంప్ పుండు విస్తృతిని చూపుతుందే గాని కారకాన్ని రూఢిపరచదు. కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని సజీవ కణజాలంలోనే శిలీంధ్ర తంతువులను చూపగలదు. బాక్టీరియా దానికి సాధారణంగా అందవు. ముందుభాగపు ఓసీటీ కంటిని తాకకుండానే మిగిలిన కార్నియా మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది, కాని ఐరిస్ వెనుక భాగం దానికి కనబడదు. అక్కడికి చేరేది అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ. అయితే అది కంటిని తాకవలసినది కనుక పలుచబడిన పుండుపై తగదు.

ఖరీదైన ఈ పరికరాలు లేనిచోట గోకుడు నమూనాను పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పరిశీలించడమే దారి. పై సమీక్షలో ఈ చవక పరీక్ష పదింట తొమ్మిది కేసులను పట్టింది.