మేకుకు కట్టిన ఐదు పోగులు

కిందటి దీపావళికి షోలాపూర్ తూర్పు పేటల్లో ఒక చుట్టాలింటికి వెళ్ళాను. మన తెలుగు నేతవాళ్ళంతా ఉండే ఆ భాగాన్ని ఊళ్ళో అందరూ 'పూర్వ భాగ్' అంటారు. ముందుగదిలో వదినె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపలిగదిలో ఇద్దరు పిల్లలు నేలమీద కూర్చుని గోడ మేకుకు ఐదు రంగుల పోగులు కట్టి లాగుతున్నారు. అమ్మాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. అబ్బాయి పక్కింటివాడు, ఈ ఏడే చేరాడు.

"ఇగో, మెడకాడికెల్లి ఐదొస్తయి. పైవి రెండు కలుపు. నడిమిది ఒంటిగ ఉండని. కిందివి రెండు కలుపు. ఇప్పుడెన్ని?"

"మూడు."

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ పోగుల పాఠం నాది! ఎవరి నోట ఎవరికి చేరి అక్కడిదాకా వచ్చిందో తెలియదు గాని నాదే. సంతోషించాల్సింది పోయి నాకు భయం పట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను 1984లో మెడిసిన్‌లో చేరాను. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. నాన్న మరమగ్గం మీద, అమ్మ బీడీల మీద. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నా నోరు మూతపడింది. మొదటి రెండు నెలలు శవం వాసన కంటే ఇంగ్లీషుకే ఎక్కువ భయపడ్డాను. చదువు మానేస్తానని అమ్మతో చెప్పేశాను కూడా. అప్పుడు ఒక సీనియరు, మరాఠీ అమ్మాయి, నేను 'తాయీ' అని పిలిచేదాన్ని, రోజూ సాయంత్రం ఒక గంట నా పక్కన కూర్చుంది. మాస్టారు చెప్పిందే చెప్పేది. కాని నేనెక్కడ తడబడతానో నాకంటే ముందే ఆమెకు తెలిసేది. కిందటేడు తనూ అక్కడే తడబడింది కదా! ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెప్పే పెద్దాయనకు తానెప్పుడో ఎక్కడ కాలు జారాడో గుర్తుండదు.

మరుసటి ఏడు నా వంతు వచ్చింది. మా వీధి అమ్మాయి మొదటి సంవత్సరంలో చేరింది. భుజం నుంచి చేతిలోకి దిగే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్, ఆ పిల్లకు ఎంతకీ పట్టుబడలేదు. పుస్తకంలో బొమ్మ చూస్తే రైలు పట్టాల్లా కనిపిస్తుంది. మగ్గాల ఇంట పుట్టినదాన్ని, నాకు అది పడుగులా కనిపించింది. నాన్న దగ్గర తెగిన రంగు పోగులు తెచ్చి రెండేసి చొప్పున పేనాను. అలాంటివి ఐదు. ఐదు కలిసి మూడు ట్రంకులు. పురి విప్పితే ఒక్కోటీ ముందు పాయ, వెనక పాయ. వెనక పాయలు మూడూ కలిపితే ఒక కార్డు. ముందు పాయల్లో పైదీ నడిమిదీ కలిస్తే రెండోది, కిందిది ఒక్కటే మూడోది. వాటినుంచి చేతిలోకి ఐదు పెద్ద నరాలు. పది నిమిషాల్లో ఆ పిల్ల కళ్ళు మూసుకుని ముడులు వేసింది.

ఆ ఉత్సాహంలో నేనో తప్పు చెప్పాను. మీడియన్ నరం మీడియల్ కార్డునుంచి వస్తుందన్నాను. పేర్లు ఒక్కలా ఉన్నాయి కదా! నిజానికి అది లేటరల్, మీడియల్ కార్డులు రెండింటినుంచీ చెరో పాయ తీసుకుని పుడుతుంది. ఆ పిల్ల వైవాలో సరిగ్గా అదే ప్రశ్నకు, నేను చెప్పినంత గట్టిగానూ నా తప్పే అప్పజెప్పింది. మార్కులు పోయాయి. తరువాత రెండు వారాలు మా ఇంటి వైపు రాలేదు.

నేనే వెళ్ళాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. "నువ్వు అంత గట్టిగ చెప్తే నేను పుస్తకం చూడలే అక్కా" అంది. నలభై ఏళ్ళయింది, ఆ మాట ఇంకా చెవిలో ఉంది. ఆనాటినుంచి మాదొక కట్టుబాటు: ఇద్దరి మధ్యా పుస్తకం తెరిచి ఉండాలి, చెప్పేవాళ్ళు చెప్పింది వినేవాళ్ళు వేలు పెట్టి చూపించాలి.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతని గొప్పలు చెప్పుకోవడం లేదు. మన పాత వీధిబళ్ళ పద్ధతే ఇది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి బళ్ళ సంగతి రాస్తూ, పై పిల్లలు కింది పిల్లలకు చెబుతూ తమ చదువును గట్టిపరచుకుంటారని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఆ జిల్లాలో అప్పటికి 200కు పైగా తెలుగు బళ్ళుండేవి. అంతకుముందే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు అనాథ శరణాలయంలో ఈ పద్ధతి నడిపి, 1797లో లండన్‌లో పుస్తకం వేస్తే, అది 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండంతా పాకింది. వైద్యవిద్య వాళ్ళకు ఆలస్యంగా గుర్తొచ్చింది. 2007లో టెన్ కేట్, డర్నింగ్ అనే ఇద్దరు ఆచార్యులు, తోటి విద్యార్థులే పాఠం ఎందుకు చెప్పాలో పన్నెండు కారణాలు రాశారు. మా తాయీకి ఒక్క కారణం చాలింది! అసలు 'డాక్టర్' అనే లాటిన్ మాటకు అర్థం బోధించేవాడనే.

మా ఊరివాడే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. 1938లో చైనా వెళ్ళి, ఆ భాష నేర్చుకుని, అక్కడి పిల్లలకు వాళ్ళ భాషలోనే వైద్యం చెప్పారు. అర్థమయ్యే భాషలో చెప్పడం ఎంత పెద్ద సాయమో ఇంట్లో ఒక భాష, బయట రెండు భాషలుగా బతికే మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సు పెట్టి అందులో ఇంగ్లీషు, స్థానిక భాష కూడా చేర్చారు. మంచిదే. కాని మా రోజుల్లో ఏడాదిన్నర ఉన్న మొదటి ఎంబీబీఎస్‌ను 1997 నిబంధనలు ఏడాదికి కుదించాయి. ఆ పరుగులో కొత్తగా వచ్చిన పిల్ల వెనకబడితే ఆగి చెయ్యిచ్చేది మాస్టారు కాదు, పక్కగది సీనియరే. బొంబాయిలోనో సూరత్‌లోనో భివండీలోనో మీ పిల్లలు మెడిసిన్‌లో చేరితే, ఏ కోచింగు పుస్తకం కొనాలా అని వెతికే ముందు మనవాళ్ళలో ఏ పిల్ల రెండో ఏడు చదువుతోందో కనుక్కోండి. ఆ పిల్లకు కాఫీ ఇచ్చి గంటసేపు కూర్చోబెట్టుకోండి. ఆ పిల్ల పరీక్షకు ముందు వారం మాత్రం వదిలెయ్యండి పాపం, తనకూ చదువుంది.

ఇక గుమ్మం దగ్గర నా భయం. పాఠం ఇన్ని చేతులు మారి వచ్చింది, నా తప్పు కూడా వచ్చిందా?

అబ్బాయి చివరి ముడిదాకా వచ్చాడు. "మీడియన్ అంటే మీడియల్ కెల్లే గద అక్కా?"

నేను ఊపిరి బిగబట్టాను.

"పేరు జూసి మోసపోకు. అందరు గీడనే పడ్తరు," అంది అమ్మాయి. "నేను జెప్తే నమ్మకు. పుస్తకం తియ్, ఏలు పెట్టి సూపియ్యి."

వాడు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. నేను చప్పుడు చేయకుండా ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాను.

"లోపలేం జేస్తున్నరు ఆ ఇద్దరు?" అంది వదినె, చాటలోంచి తల ఎత్తకుండానే.

"పడుగు అతుకుతున్నరు," అన్నాను.