బోరు నీళ్లు కాచినా ఉప్పు ఎందుకు పోదు?

వేలూరు, గుడియాత్తం వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో 'బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి' అనే మాట కొత్తది కాదు. కాచి చల్లార్చి తాగితే చాలని చాలామంది అనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. ఎందుకో మన పిల్లల రసాయన శాస్త్రం పుస్తకంలోనే ఉంది.

ముందుగా ఒక మాట. తమిళంలో చదివే పిల్లలకు 'అణు' అంటే ఆటమ్. తెలుగులో ఆటమ్‌ను పరమాణువు అంటాం. పరమాణువులు కలిసి ఏర్పడే మాలిక్యూల్ మనకు అణువు, తమిళంలో 'మూలక్కూఱు'. ఇంట్లో పాఠం చెప్పేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే పిల్లలు తికమకపడరు.

వంటింటి ఉప్పు సోడియం క్లోరైడ్. సోడియం పరమాణువులోని 11 ఎలక్ట్రాన్లలో బయటి కక్ష్యలో ఉండేది ఒక్కటే. క్లోరిన్‌కు 17 ఉంటాయి, బయటి కక్ష్యలో 7. అది 8 కావడానికి ఒకటి తక్కువ. సోడియం ఆ ఒక్కటీ ఇచ్చి ధనావేశం పొందుతుంది, క్లోరిన్ తీసుకుని ఋణావేశం పొందుతుంది. ఇలా ఆవేశం వచ్చినవే అయాన్లు. వాటి మధ్య ఆకర్షణే అయానిక బంధం. ఒకటికి ఒకటి కనుక ఫార్ములా ఎన్ఏసీఎల్. కాల్షియం 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది కనుక దాని క్లోరైడ్ సీఏసీఎల్2. హెచ్2ఓ అనే నీటిలో మాత్రం ఇవ్వడం, తీసుకోవడం లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. అది సమయోజనీయ బంధం.

ఉప్పు నీళ్లలో కరిగితే అయాన్లు విడివడి నీటి అణువుల మధ్య చేరతాయి. మరిగిస్తే నీరు ఆవిరవుతుంది, అయాన్లు గిన్నెలోనే ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది.

మన ప్రాంతంలో ఇంత ఉప్పు రావడానికి ఒక కారణం తోళ్ల పరిశ్రమ. పచ్చి తోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు, శుద్ధికి ముందు దాన్ని కడిగేస్తారు. తర్వాత క్రోమియం సల్ఫేట్ వాడతారు. అందులో 3 ధనావేశాలున్న క్రోమియం అయాను తోలులోని ప్రోటీన్ పోగులను పట్టి ఉంచుతుంది. అదే క్రోమియం +6 స్థితిలో 4 ఆక్సిజన్లతో కలిస్తే క్రోమేట్ అయాను. ఇది నీళ్లలో సులువుగా కరుగుతుంది, క్యాన్సర్ కారకం. రాణిపేటలో మూతబడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వ్యర్థాల నుంచి భూగర్భ జలాల్లో చేరింది ఈ రెండో రకమే. మూలకం ఒకటే అయినా ఎలక్ట్రాన్ల లెక్క మారితే గుణం మారుతుంది.

పాలారు కాలుష్యంపై వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని చెప్పింది.

ఇంట్లో మనం చేయగలిగింది నీటి పరీక్ష. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ మొత్తం లవణాల అంచనాయే చూపుతుంది, వాటిలో ఏ అయాను ఎంతుందో చెప్పదు. కాబట్టి బోరు నీళ్లు తాగేవారు ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు క్రోమియం కూడా చూడమని విడిగా అడగాలి. రిపోర్టు వచ్చాక పిల్లలతో చదివించండి. పుస్తకంలోని పాఠం వాళ్లకు అందులో కనిపిస్తుంది.