చూపు మసకబారి మళ్లీ మామూలైందా? తగ్గిపోయిందని వదిలేయకండి.. ఎంఎస్ కావచ్చు!

ఒక కన్ను కొన్ని వారాలు మసగ్గా ఉండి, దానంతట అదే సర్దుకుంది. కొన్ని నెలలకు కాళ్లలో తిమ్మిర్లు.. అవీ తగ్గిపోయాయి. నిద్ర చాలకనో, నీరసం వల్లనో అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలు కావచ్చు. అదే మల్టిపుల్ స్క్లెరోసిస్.. క్లుప్తంగా ఎంఎస్.

అసలేంటీ జబ్బు?
కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాలకూ మైలిన్ అనే పొర ఉంటుంది. ఎంఎస్‌లో మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము, కంటి నరాలపై ఉన్న ఈ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవారి కంటే ఆడవారిలోనే ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు.

ఈ లక్షణాలు గమనించండి:
* ఒక కంట్లో చూపు మసకబారడం, కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసిపోయినట్టు కనిపించడం
* ఒకటి రెండుగా కనిపించడం
* ముఖం, చేతులు, కాళ్లలో తిమ్మిరి, మొద్దుబారడం
* మెడ వంచితే వెన్నులో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం
* నడకలో తూలడం, కాళ్లు బిగుసుకుపోవడం
* విశ్రాంతి తీసుకున్నా పోని అలసట, మూత్రం ఆపుకోలేకపోవడం

ఎండలో తిరిగినా, వేడి నీళ్లతో స్నానం చేసినా కొందరిలో ఇవి కాసేపు ఎక్కువవుతాయి.

తగ్గిందంటే పోయినట్టు కాదు!
చాలామందిలో ఎంఎస్ వస్తూ పోతూ ఉంటుంది. లక్షణాలు తగ్గినా లోపల నరాలకు నష్టం జరుగుతూనే ఉండొచ్చు. అందుకే కొత్త లక్షణం 24 గంటలు దాటినా పోకపోతే న్యూరాలజిస్టును కలవాలి. అప్పుడు పాత సంగతులన్నీ చెప్పాలి. తిమ్మిరి కోసం వెళ్లినా, ఏడాది కిందటి కంటి సమస్య కూడా చెప్తేనే డాక్టర్‌కు లింకు దొరుకుతుంది.

బీ12 లోపం, షుగర్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. కాబట్టి కంగారు పడొద్దు. ఎమ్మారై స్కాన్, అవసరమైతే వెన్ను నీటి పరీక్షతో నిర్ధారిస్తారు. పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, అటాక్‌లను తగ్గించే మందులున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని జాబితాలో ఎంఎస్ కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త.. మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి, కాలు పడిపోవడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే పక్షవాతం కావచ్చు. అప్పుడు ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.