మా మూడో అంతస్తు కాపురం

మా ఊళ్ళో ఎవరైనా ఇల్లు కొన్నామని చెబితే, వినేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న "దొడ్డి ఎంత?" అని. గదులెన్ని, ధర ఎంత అన్నవి ఆ తర్వాతి సంగతులు. 2017లో హైదరాబాదు విద్యానగర్‌లో, మూడో అంతస్తులో మేము ఫ్లాటు కొన్నప్పుడు మా అమ్మ కూడా ఫోనులో ఆ ప్రశ్నే వేసింది. దొడ్డి లేదన్నాను. "పోనీ, అరుగు?" అన్నది. అదీ లేదన్నాను. కాస్సేపు మాట్లాడకుండా వూరుకుని, "సరేలే, నీళ్ళు బాగా వస్తాయా?" అని మాట మార్చింది.

కొన్ననాడు కాగితం మీద మా ఫ్లాటు 1,080 చదరపు అడుగులు. తీరా దిగాక నేను టేపు పట్టుకొని గోడ నుంచి గోడకి కొలుచుకుంటూ పోతే 760 తేలింది. మిగతా 320 ఏమైనట్టు? మెట్లలో కొంత, లిఫ్టులో కొంత, వరండాలో కొంత, గోడల మందంలో కొంత మా వాటా కింద వుందట. అంటే మెట్లెక్కేటప్పుడు కూడా నేను నా సొంత ఇంట్లోనే నడుస్తున్నానన్నమాట! 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం ఈ గారడీకి ఒక హద్దు పెట్టింది. లోపలి గదులు, వాటి మధ్య గోడలు కలిపితే కార్పెట్ ఏరియా. బయటి గోడలు, బాల్కనీ అందులో చేరవు. అమ్మేవారు ఆ అంకె చెప్పి తీరాలి. కొత్తగా కొనబోయేవారు పట్టుబట్టి అడగవలసింది దానినే. బాల్కనీ లెక్కలోకి రాదన్నమాట మాత్రం గుర్తుంచుకోండి. దానితో నాకు ముందు ముందు పని వుంది.

ఆ 760 అడుగులను మేము ఆరు నెలల్లో నింపేశాం. హాల్లో మూల తిరిగిన పెద్ద సోఫా. దానికి ఎదురుగా టి.వి., దాని చుట్టూ గాజు తలుపుల షోకేసు. వంటింటి గుమ్మం దగ్గర ఆరు కుర్చీల భోజనాల బల్ల. ఇంట్లో వున్నది నలుగురం. మేము భోంచేసేది సోఫాలో, టి.వి. ముందు. బల్లమీద మాత్రం కరెంటు బిల్లులు, మందులు, ఇస్త్రీకి పోవలసిన బట్టలు కాపురం వుండేవి. పడకగదుల్లో డబుల్ కాట్లు పోగా మిగిలిన సందులో పక్కకి తిరిగి నడిచేవాళ్ళం. ఈ నేరంలో నా వాటా తక్కువేమీ కాదు. ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఏరుకొచ్చినవీ, కాలేజీ రోజుల నుంచి కూడబెట్టినవీ కలిపి పదిహేను వందల పుస్తకాలు, మూడు బీరువాలు. ఇల్లు, ఆలు కలిసి ఇల్లాలు అయిందని ఏటేటా క్లాసులో చెప్పే నేను, ఇల్లూ సామానూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు.

అప్పటికి అమ్మ కోనసీమలోనే వుంది. మాది మండువా లోగిలి. నడుమ ఆకాశం కనిపించే చావడి, నాలుగు వైపులా వసారాలు, వీధి వైపు రెండు అరుగులు. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే మూడేళ్ళు ఆ ఇంట్లో వున్నది. 2022 వానాకాలంలో పెంకులు జారి, ఒక దూలం నాని పుచ్చిపోయింది. ఇక అక్కడ వుండటం ప్రమాదమని తాళం వేసి తీసుకువచ్చాను. తనతో తెచ్చుకున్నవి ఒక కావిడి పెట్టె నిండా కొలువు బొమ్మలు, రెండు పీటలు, రెండు జాడీలు, ఒక ఉట్టి. "ఉట్టి ఎందుకమ్మా, ఫ్రిజ్ వుంది గదా" అన్నాను. "వుండనీరా, అదేమైనా అన్నం పెట్టమని అడిగిందా నిన్ను?" అన్నది.

మూడు నెలలు గడిచాయి. డిసెంబరులో ఒక రాత్రి భోజనాలయ్యాక, "ఒరేయ్ నాన్నా, సంక్రాంతికి వెళ్ళి ఊళ్ళోనే వుండిపోతానురా. వసారాలో ఒక గది బాగుచేయిస్తే చాలు నాకు" అన్నది. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా, "ఏమీ లేదురా, ఊరికే" అన్నదే సమాధానం. నా బుద్ధి తిన్నగా పోవలసిన చోటికి పోక, మా ఆవిడ ఏమైనా అన్నదేమోనన్న దగ్గర ఆగింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. ఆవిడ రెండు రోజులు ముభావంగా వుండి, మూడో రోజున, "అత్తయ్యగారు పొద్దుటినుంచి రాత్రిదాకా ఎక్కడ కూర్చుంటున్నారో మీరు ఒక్కసారైనా చూశారా?" అన్నది.

ఆ ఆదివారం చూశాను. పొద్దున సోఫా అంచున కూర్చున్నది. నా స్నేహితులెవరో వస్తే లేచి పిల్లల గదిలోకి వెళ్ళింది. అక్కడ అమ్మాయి చదువుకుంటోంది. మంచం చివర పది నిమిషాలు కూర్చుని, దీపం వెలుగుకు తాను అడ్డమనుకుంది కాబోలు, వంటింట్లోకి వచ్చింది. అక్కడ ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు లేదు. చివరకు భోజనాల బల్ల వెనక, కుర్చీకీ గోడకీ మధ్య సందులో, గోడకి చెయ్యి ఆనించి నిలబడి మా మాటలు వింటోంది. అంత సామాను పేర్చిన ఇంట్లో అమ్మకు కూర్చునే చోటు లేదు. మూడు నెలలుగా నా కళ్ళ ముందే వున్నది నాకు కనబడలేదు.

మొదట బాల్కనీ మీద పడ్డాం. నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. అందులో పాత పేపర్లు, వాషింగ్ మెషీను వచ్చిన అట్టపెట్టె, అబ్బాయి విరిగిన సైకిలు, తిరగని కూలరు. పాత సామాను కొనేవాడు వచ్చి 640 రూపాయలిచ్చి అన్నీ పట్టుకుపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ 640 రూపాయల కోసం కాబోలు ఒక గదిని మూసిపెట్టుకున్నాం! కుర్చీ వేస్తే అమ్మకి కాళ్ళు నేలకి ఆనలేదు. చాప వేస్తే పిట్టగోడ అడ్డం వచ్చి ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. "అరుగెంత ఎత్తుండేది?" అని నేను అడిగితే, మోకాలి కింద చెయ్యి పెట్టి చూపింది. కొలిస్తే 14 అంగుళాలు. వడ్రంగి ఆ ఎత్తుకే టేకు చెక్కల బల్ల చేసి గోడకి బిగించాడు. మా బాల్కనీకి నిలువెత్తు ఇనుప గ్రిల్లు వుంది కనుక ఆ పని చేశాను. చిన్నపిల్లలున్న ఇంట గ్రిల్లు లేకుండా పిట్టగోడ పక్కన ఎక్కడానికి వీలైన వస్తువేదీ వుంచరాదు, పూలకుండీ అయినా సరే.

పిల్లలు పట్టుబట్టడంతో ఆ సంక్రాంతికి కొలువు ఇక్కడే పెడదామనుకున్నాం. అయిదు మెట్లు కట్టాలంటే హాల్లో చోటేది? సోఫా కదిలితే తప్ప వీలు లేదు. ఎదురింటివారు పండక్కి ఊరెళుతూ తాళం మా చేతికిచ్చారు. వారి అనుమతితో ఆ మూడు రోజులకూ సోఫాని వాళ్ళ హాల్లోకి నెట్టాం. కావిడి పెట్టె ఒక మెట్టు, పీటలు ఒక మెట్టు. రెండు మెట్లకు నా సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలూ చాలాయి. పైన తెల్ల దుప్పటి పరిచాక అది పాండిత్యమని ఎవరికీ తెలియలేదు. అమ్మ బొమ్మలు ఎక్కువ కొండపల్లివి, తెల్లపొణికి కర్రతో చేసినవి, చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. కొన్ని ఏటికొప్పాకవి, అంకుడు కర్రని తరిణి పట్టి లక్క పూసినవి. ఒక్కొక్కటే తీసి తుడిచి, ఏది ఏ సంవత్సరం ఎవరు కొన్నారో పిల్లలకు చెబుతూ పెట్టింది. పేరంటానికి పాతికమంది వచ్చారు. అందరూ చాపల మీద కూర్చున్నారు, అందరికీ చోటు సరిపోయింది!

కనుమ మర్నాడు బొమ్మలు పెట్టెలోకి వెళ్ళాయి. సోఫా తెచ్చుకుందామంటే ఎవరూ లేవలేదు. ఖాళీ హాల్లో మా అబ్బాయి బోర్లా పడుకుని చదువుకుంటున్నాడు. వాళ్ళ చెల్లెలు తొక్కుడుబిళ్ళ గీతలు గీసింది. ఎదురింటివారు తిరిగి వచ్చి, నాలుగు రోజులు దాని మీద కూర్చుని, "మీకక్కరలేకపోతే మేమే వుంచుకుంటాం" అన్నారు. కొన్న ధరలో నాలుగో వంతుకి ఇచ్చేశాం.

అప్పుడు కాని నాకు మా మండువా ఇంటి కిటుకు అర్థం కాలేదు. ఆ ఇల్లు పెద్దది కనుక విశాలంగా వుండేదని నా నమ్మకం. నిజానికి మా పదిమందీ మసలింది రెండు వసారాల్లోనే. కాని నేల మీద నిలిచి వుండే సామాను లేదు. పగలు పీటలు వాలిస్తే భోజనశాల, ఎత్తేస్తే చదువుల గది, రాత్రి చాపలు పరిస్తే పడకగది. వస్తువులకు గోడలో గూళ్ళు, బట్టలకు చిలక్కొయ్యలు, దండెం, పాలూ పెరుగూ పిల్లికి అందకుండా దూలానికి ఉట్టి. గోడలూ, పైకప్పూ వస్తువుల్ని మోసేవి, నేల మనుషులకు మిగిలేది. ఇక్కడ మేము నేలంతా వస్తువులకిచ్చి గోడలకు రంగులు వేసుకున్నాం.

షోకేసు, బల్ల కూడా వెళ్ళిపోయాయి. గోడవార సొరుగులున్న ఒక దివాను, కొయ్యలకు తగిలించిన నాలుగు మడత కుర్చీలు, గోడకి బందులతో బిగించి కావలసినప్పుడు వాల్చుకునే పలక ఒకటి వచ్చాయి. విచిత్రమేమంటే ఆ పలక మీద భోంచేసేది అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కింద కూర్చోలేదు. ఆవిడ తెచ్చిన పీటల కోసం పోట్లాడుకునేది పిల్లలు.

వంటిల్లు 8 అడుగులకు 7. అక్కడ రాజ్యం మా ఆవిడది, సలహా అత్తగారిది. రోజూ వాడేవి చేతికందే ఎత్తులో, వారానికోసారివి వంగితే దొరికేలా, పండగ గిన్నెలు సజ్జ మీద. ఆవకాయ జాడీలు సజ్జ ఎక్కించరాదు. పైన వేడి, దించేటప్పుడు చేయి జారితే తల పగులుతుంది. సింకు కిందా వద్దు, చెమ్మ. వాసెన కట్టి, తడి తగలని చీకటి మూల నేల మీదే వుంచాలి. మా ఉట్టి ఇప్పుడు ఉల్లిపాయలు, వెల్లుల్లి మోస్తోంది. గాలి తగులుతూ వుంటాయి, మొలకెత్తవు.

ఎండాకాలం సంగతి రెండు మాటల్లో చెబుతాను. మా బాల్కనీ పడమర. మధ్యాహ్నం మూడు నుంచి నిప్పులే. గ్రిల్లుకి వట్టివేళ్ళ తెర కట్టి నీళ్ళు చల్లి, ఎదురుగా తూర్పు కిటికీ తీసి వుంచితే సాయంత్రానికి హాల్లో కూర్చోగలుగుతున్నాం. "మా కోనసీమలో దీనివల్ల చెమటే" అన్నది అమ్మ. నిజమే, అక్కడి గాలిలో తేమ ఎక్కువ, తెరలోని నీరు ఆవిరి కాదు. హైదరాబాదు వేసవి పొడిగాలి కనుకనే వట్టివేళ్ళకు ఈ గౌరవం.

ఇక మిగిలింది నా బీరువాలు. కింది అంతస్తులో వుండే ఇంజనీరుగారు ఒకనాడు వాటిని చూసి లెక్క చెప్పారు. ఐ.ఎస్. 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇళ్ళ గదుల నేల చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు కడతారు. గ్రంథాలయాల్లో పుస్తకాలు పేర్చే గదులకైతే కనీసం 600 కిలోలట. నేను మూడు బీరువాలూ గది మధ్యలో వీపులానించి నిలబెట్టుకున్నాను! ఆ రాత్రే వాటిని విడదీసి, కింద దూలం వున్న గోడల వెంట సర్దాను. రెండేసి ప్రతులున్నవీ, మళ్ళీ తెరవనని నాకే తెలిసినవీ కలిపి నాలుగు వందలు కాలేజీ లైబ్రరీకి ఇచ్చాను. ఇచ్చిన వారానికే వాటిలో ఒకటి కావలసి వచ్చి, నేనే వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

ఊళ్ళో గది బాగుచేయించమన్న మాట అమ్మ మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో తన అరుగు మీద కూర్చుంటుంది. తోటకూర బండివాడు పైకి చూసి, "అమ్మా, గోంగూర వచ్చింది" అని కేక వేస్తాడు. బుట్టకి తాడు కట్టి దించుతుంది. మా వీధిలో ఏడేళ్ళలో నాకు తెలియని మనుషులు ఆవిడకు ఏడాదిలో తెలిశారు.

ఇది రాస్తుండగా వెనక నుంచి వచ్చి, మూడో బీరువా కేసి చూస్తూ, "ఒరేయ్ నాన్నా, అది కూడా తీసేస్తే ఇక్కడ అబ్బాయికి మంచం పడుతుందిరా" అన్నది. వినబడనట్టు రాసుకుంటూ కూర్చున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది.