పాత మిద్దె విప్పుతున్నారా? ఆ మట్టిని చేలో పోయకముందు చూడండి

ఎండాకాలం వస్తే రొళ్ల, మడకశిర పల్లెల్లో పాత మిద్దెలు, రేకుల ఇళ్లు విప్పి స్లాబు వేసుకునే పనులు మొదలవుతాయి. మేస్త్రీ కూలి, సిమెంటు, కమ్మీ అన్నిటికీ ముందే లెక్క వేసుకుంటాం. విప్పిన మట్టి, రాయి, రేకు ఎక్కడికి తోలాలన్నది మాత్రం ట్రాక్టరు వాకిట్లోకి వచ్చాకే గుర్తుకొస్తుంది. అప్పుడు ఎక్కువమంది అనే మాట ఒకటే: "మన చేలోనే పోయించు, మట్టే కదా!" ఆ మట్టి పొలానికి పనికొచ్చేదేనా అన్నది తోలకముందే చూసుకోవాలి.

ముందు బాడుగ లెక్క

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంటి కప్పు మార్చేటప్పుడు డంప్‌స్టర్ అనే పెద్ద ఇనుప తొట్టిని కొన్ని రోజులకు అద్దెకు తెచ్చి ఇంటి ముందు పెట్టించుకుంటారు. ఒప్పుకున్న బరువు దాటితే అదనంగా కట్టాలి. ఏవి వేయకూడదో కూడా ముందే చెబుతారు. మన దగ్గర ఆ పని చేసేది ట్రాక్టరు ట్రాలీ. అయినా అడగాల్సిన ప్రశ్నలు అవే: ఎంత పడుతుంది, ఎన్ని ట్రిప్పులు, ఎక్కడ దించాలి.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న మిద్దెపై 9 అంగుళాల మట్టి ఉందనుకోండి. అది 450 ఘనపుటడుగులు. తవ్వాక గుల్లబారి సుమారు పావు వంతు పెరుగుతుంది, అంటే 560 దాకా వస్తుంది. మామూలు ట్రాలీలో దాదాపు 100 ఘనపుటడుగులు పడుతుంది కాబట్టి మట్టికే ఆరు ట్రిప్పులు. బండలు, కట్టెలు వేరే. ఈ లెక్క చేతిలో పెట్టుకుని బాడుగ మాట్లాడండి. ట్రిప్పుకా, రోజుకా, ఎత్తే కూలీలు ఎవరివాళ్లు, బండి ఆగి ఉన్న సమయానికి ఏమైనా ఇవ్వాలా అన్నవి ముందే తేల్చుకోండి. జూన్‌లో దుక్కులు మొదలైతే ట్రాక్టర్లు దొరకవు, పైగా తడిసిన మట్టి బరువెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనే తోలించుకోవడం మేలు.

లోడు మీద కూలీలను కూర్చోబెట్టకండి. వ్యవసాయానికి మాత్రమే బీమా చేసిన ట్రాక్టరు బాడుగకు తిరుగుతూ ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర పేచీ వస్తుంది. దారిలో మల్బరీ తోటలుంటే లోడుపై పట్ట కప్పించండి. దుమ్ము పట్టిన ఆకు పట్టుపురుగుకు పనికిరాదు.

మిద్దె మీద ఉన్నది చౌడు

రాయలసీమ మిద్దెల పైపొర మామూలు మట్టి కాదు, చౌడు. మన పెద్దలు దాన్ని ఊరికే ఎంచుకోలేదు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంకరేణువులు విడిపోయి సన్నటి సందులన్నీ మూసేస్తాయి, నీరు కిందికి దిగదు. మిద్దె కారకుండా కాపాడింది ఆ గుణమే. పొలంలో అదే గుణం శత్రువు. వాన నీరు ఇంకక పైనే నిలుస్తుంది. ఆరాక అట్ట కట్టి మొలక పైకి రాదు. వేరుశనగలో ఊడలు నేలలోకి దిగవు. ఎర్రనేల ఎంత గుల్లగా ఉంటే శనక్కాయ అంత బాగా ఊరుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక ట్రాలీ చౌడును ఎకరమంతా పల్చగా చల్లి కలియదున్నితే పెద్ద నష్టం ఉండదు. కానీ అలా ఎవరు చల్లుతారు? కుప్పలుగా దించి, పైపైన సదును చేసి వదిలేస్తాం. కుప్ప పడిన చోటల్లా ఏళ్ల తరబడి పైరు గిడసబారుతుంది.

అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. గాజు గ్లాసులో వాన నీరు గానీ ఫిల్టరు నీరు గానీ పోసి, ఎండిన మట్టిగడ్డను మెల్లగా వేసి కదపకుండా ఉంచండి. బోరు నీటిలోని లవణాల వల్ల ఫలితం తప్పుగా రావచ్చు, అది వద్దు. గడ్డ చుట్టూ పాల లాంటి మసక లేచి, మరుసటి రోజుకూ తేరకపోతే అది చౌడు గుణమే. ఖాయంగా తెలియాలంటే రైతు సేవా కేంద్రం ద్వారా మట్టి పరీక్షకు పంపండి. ఉదజని సూచిక 8.5 దాటితే పొలంలోకి రానివ్వకండి.

అందుకే మిద్దె విప్పేటప్పుడు పైపొర చౌడును విడిగా దించండి. ఊళ్లో ఇంకా మట్టిమిద్దె ఉన్నవాళ్లు ఎవరైనా అడిగి తీసుకుంటారు. కింది మట్టిని కూడా గ్లాసులో చూశాకే గట్లకు వాడండి. ఇప్పటికే చేలో పోసి ఉంటే వాన పడకముందే, దున్నకముందే గీకి ఎత్తించండి. కలిసిపోయి ఉంటే పరీక్ష చేయించి జిప్సం వేయాలి. వేరుశనగకు పూత దశలో ఎకరాకు వేసే 200 కిలోలు కాయ ఊరడానికి ఇచ్చేది. చౌడు బాగుకు మోతాదు వేరు, అది పరీక్ష ఫలితాన్ని బట్టే తేలుతుంది.

సిమెంటు రేకులైతే

పాత సిమెంటు రేకుల్లో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉంటుంది. పులివెందుల వైపు ఒకప్పుడు గనుల్లో తవ్వింది దీన్నే. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార సిమెంటులోనే బిగిసి ఉంటుంది. పగలగొట్టినా, కోసినా, రుద్దినా కంటికి కనిపించని నూగు లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కాబట్టి ఎవరూ దీన్ని రేకుతో ముడిపెట్టరు.

రేకులను నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, ఒక్కొక్కటిగా చేతికందించి దించండి. పైనుంచి విసరకండి. ఎన్-95 మాస్కు పెట్టుకోండి, మెడకు చుట్టుకున్న తువ్వాలు చాలదు. పిల్లలను దూరంగా ఉంచండి. చీపురుతో పొడిగా ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ రోజు బట్టలు విడిగా ఉతకండి. ముక్కలను మందపాటి పాలిథిన్‌లో చుట్టి, ఎక్కడ వేయాలో పంచాయతీ కార్యదర్శిని అడిగాకే తరలించండి. బురద దారికి రేకు ముక్కలు పరవడం మాత్రం అస్సలు వద్దు. చక్రాల కింద నలిగి ఏళ్ల తరబడి నూగు లేస్తూనే ఉంటుంది.

మిగిలినవి

బండలు, దూలాలు కొనేవాళ్లుంటారు, వాటిని మట్టితో కలపకుండా పక్కన పేర్చండి. పాత కట్టెల సందుల్లో తేళ్లు, పాములు ఉంటాయి, చేతులు పెట్టే ముందు కర్రతో కదపండి. మేకులు, తీగముక్కలు ఏరించడం చాలా ముఖ్యం. మేతతో పాటు పశువు మింగితే పొట్టలో గుచ్చుకుని గుండెదాకా పోయే ప్రమాదం ఉంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి వాకిలంతా ఈడిస్తే కంటికి దొరకనివి కూడా అంటుకుంటాయి.

వంకలో, కుంటలో, చెరువు కాలువలో దించడానికి ట్రాక్టరు డ్రైవరు సిద్ధంగానే ఉంటాడు, దూరం తగ్గుతుంది కదా. ఒప్పుకోకండి. శిథిలాలతో కాలువలకు, దారులకు అడ్డం కలగకూడదని 2016 నాటి కేంద్ర నియమాల్లోనే చెప్పారు. అంతకంటే ముందు, వంక పూడితే మళ్లే నీరు మన చేలమీదికే వస్తుంది. దించే చోటు బాడుగ మాట్లాడేటప్పుడే ఖాయం చేసుకుని, మొదటి ట్రిప్పుతో ఇంట్లోవాళ్లు ఒకరు వెళ్లి చూసి రండి.